ఏడో తరగతి బి సెక్షన్ గొడవల లెక్క: ప్రాజెక్టు డైరీ

మాది కోనసీమలో గోదావరి పాయ వశిష్ఠ గట్టుకి దగ్గర్లో ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ఏడో తరగతి బి సెక్షన్‌కి నేను క్లాస్ టీచర్‌ని. పిల్లలు 38 మంది. అందులో తొమ్మిది మంది నది మధ్యనున్న లంక ఊరి నుంచి వస్తారు. ఏడుగురి తల్లులు కువైట్, మస్కట్‌లలో ఇంటిపనికి వెళ్ళారు. గత విద్యా సంవత్సరం ఈ తరగతిలో గొడవలు తగ్గించడానికి ఏం చేశామో, ఏది ఎక్కడ బెడిసికొట్టిందో రాస్తున్నాను. వేరే బళ్ళో ఎవరైనా చెయ్యదలిస్తే కొలతలతో సహా వాడుకోవచ్చు.

ఇలాంటి పనిని సామాజిక, భావోద్వేగ అభ్యసనం అంటారు. ఆ మాట అనగానే అందరికీ ఒక పోస్టరు గుర్తొస్తుంది: తనని తాను ఎరగడం, తనని తాను అదుపు చేసుకోవడం, ఎదుటివాళ్ళని అర్థం చేసుకోవడం, స్నేహం నిలుపుకోవడం, ఆలోచించి నిర్ణయం తీసుకోవడం. అమెరికాలో 1994లో మొదలైన కాసెల్ సంస్థ చేసిన విభజన ఇది. మన 2020 జాతీయ విద్యా విధానంలో కూడా ఈ అభ్యసనం ప్రస్తావన ఉంది. ఆ పోస్టరు మేమూ అంటించాం. దాని గురించి రాయడానికేమీ లేదు, గొడవలు దాని కిందే జరిగాయి.

మొదటి దశ: లెక్క పుస్తకం (జూన్ చివర, జులై)

సామాను: లాంగ్ బుక్ ఒకటి, దానికి దారంతో కట్టిన పెన్ను.

పుస్తకంలో మొదట రెండే గళ్ళు గీశాం: ఎవరు, ఏం చేశారు. రాసే పని క్లాస్ లీడర్‌ది. వారం తిరక్కుండానే పిల్లలు దానికి "కేసుల పుస్తకం" అని పేరు పెట్టేశారు. భోజనంలో చిక్కీ ఇచ్చే రోజుల్లో పుస్తకం ఖాళీగా ఉంటోందేమిటా అని చూస్తే, వెనక బెంచీ పిల్లాడు అసలు సంగతి చెప్పాడు: "లీడరుకి చిక్కీ ఇస్తే పేరు రాయడండి." లీడర్‌ని అని లాభం లేదు. పేర్లు రాసే పుస్తకం పిల్లల చేతిలో ఉంటే దానికి ఒక రేటు పడుతుంది.

మార్చినవి:

1. పుస్తకం టీచర్ల చేతికి వచ్చింది. పీరియడ్‌తో పాటు చేతులు మారుతుంది.
2. పేర్ల గడి తీసేశాం. దాని బదులు ఐదు గళ్ళు: టైము, చోటు, అంతకుముందు ఏం జరుగుతోంది, ఏం చేశారు, దాని తర్వాత ఏమైంది.
3. గొడవ అంటే మూడే: చెయ్యి చేసుకోవడం (తోపులాట, జుట్టు లాగడం ఇందులోకే), ఇంట్లోవాళ్ళని తిట్టడం, వస్తువు లాక్కోవడం లేదా విసిరెయ్యడం. అల్లరి, అరుపులు, పక్కవాడితో కబుర్లు లెక్కలోకి రావు.

మూడో అంశం ఊరికే పుట్టలేదు. సోషల్ మేస్టారూ నేనూ ఒకే పీరియడ్‌లో చెరోమూల కూచుని విడివిడిగా లెక్కపెట్టాం. నాకు 9 వచ్చాయి, ఆయనకి 14. ఆయన అరుపుల్ని కూడా వేసుకున్నారు. నిర్వచనం చార్టు మీద రాసుకుని మళ్ళీ కూచుంటే నాకు 8, ఆయనకి 9. ఇద్దరి అంకెలు దగ్గరపడేదాకా అసలు లెక్క మొదలుపెట్టకండి. లేకపోతే తర్వాత గొడవలు తగ్గాయా, రాసేవాళ్ళ ఓపిక తగ్గిందా అన్నది తేలదు.

మూడు వారాల మొత్తం 92. చోట్ల వారీగా:

చేతులు కడిగే కుళాయిల దగ్గర: 37
చివరి పీరియడ్: 21
పీరియడ్ మారే నిమిషాలు: 16
సైకిల్ స్టాండు: 10
మిగతావి: 8

ఐదో గడి, అంటే "తర్వాత ఏమైంది" అన్నది, మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. 92లో 41 సార్లు జరిగింది ఒకటే: కొట్టినవాణ్ణి వరండాలో నిలబెట్టడం. చివరి పీరియడ్ వారంలో నాలుగు రోజులు లెక్కలు. భిన్నాలు రానివాడికి వరండా అంటే శిక్ష కాదు, గాలొచ్చే చోటు. పక్కవాడి జ్యామెట్రీ బాక్సు లాక్కుంటే చాలు, బయటికి దారి దొరుకుతోంది. శారీరక దండన, మానసిక వేధింపు కూడదని విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 చెబుతోంది. ఆ మాట పక్కన పెట్టినా, ఈ గడి చూశాక వరండాని సమర్థించే దారి మాకు కనపడలేదు. ఆపేశాం. లెక్కల మేస్టారు పీరియడ్ మొదట్లో అందరికీ వచ్చే మూడు చిన్న లెక్కలు ఇవ్వడం మొదలుపెట్టారు. దానివల్ల కొంచెం తగ్గిందనిపించింది గానీ అంకెల్లో పెద్ద తేడా లేదు.

ఇప్పటికి: వారానికి సగటు 31. ఖర్చు 70 రూపాయలు.

రెండో దశ: కుళాయిలు (జులై చివర, ఆగస్టు)

37 గొడవలు కుళాయిల దగ్గర జరుగుతుంటే కోపాన్ని అదుపు చేసుకోవడం మీద పాఠం చెప్పడం నాకు సబబనిపించలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టినప్పుడు అక్కడ నిలబడి చూశాను. ఆరు కుళాయిల్లో రెండు తిరగవు. ఉప్పు నీళ్ళకి బిగుసుకుపోయాయి. మూడు తరగతులు ఒకేసారి కంచాలతో వస్తాయి. ముందు వెళ్ళినవాడికి గుడ్డు ముందు. వెనకవాడి కంచం అంచు ముందువాడి వీపుకి తగులుతుంది, అక్కణ్ణుంచి మొదలు.

ఒక చిన్న పక్కదారి. మా భోజన పథకానికి 2024 నుంచి డొక్కా సీతమ్మ గారి పేరుంది. ఆమెది ఈ కోనసీమలోని లంకల గన్నవరమే. వేళకాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టిన మనిషని మా పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. గుడ్డు అయిపోతుందన్న భయం పిల్లల్లో ఎందుకుందా అని వంట చేసే అక్కని అడిగితే, "ఎప్పుడూ అయిపోలేదండి, ముందొచ్చినోళ్ళు పెద్దది ఏరుకుంటారు, అందుకే ఆ తోపులాట" అంది. ఆ రోజు నుంచి గుడ్డు ఆవిడే కంచంలో వేస్తోంది.

చేసిన పని, వరసగా:

1. రెండు ప్లాస్టిక్ కుళాయిలు మార్పించాం. కుళాయిలు, తెల్ల టేపు, ప్లంబర్ కూలి కలిపి 400.
2. నేల మీద పసుపు రంగుతో గీతలు, నిలబడే చోట్లకి అడుగుల గుర్తులు. రంగు 120.
3. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి ఐదేసి నిమిషాల తేడాతో బెల్లు. ఎవరు ముందన్నది వారం వారం మారుతుంది.

అడుగుల గుర్తులు వానకి రెండు వారాల్లో చెరిగిపోయాయి. మళ్ళీ వెయ్యలేదు, వెయ్యక్కర్లేకపోయింది కూడా. పనిచేసింది మూడోదే. హెడ్మాస్టరు గారిని ఒప్పించడానికి పట్టిన టైము కుళాయిలు మార్చడానికి పట్టలేదు. అందుకే చెబుతున్నాను: అడిగేటప్పుడు పుస్తకం తీసుకెళ్ళండి. అంకె చూపిస్తే మాట తొందరగా తెగుతుంది.

ఇప్పటికి: కుళాయిల దగ్గర వారానికి 12 నుంచి 4కి. మొత్తం వారానికి 23. ఖర్చు 590.

వరద వారం

ఈ మధ్యలో గోదావరి వచ్చింది. కాజ్‌వే మునిగింది, లంక పిల్లలు రాలేదు. వాళ్ళు తిరిగొచ్చిన వారం లెక్క 38కి ఎక్కింది, అంటే మొదటికంటే ఎక్కువ. పుస్తకం తిరగేస్తే సగానికి పైగా "నోట్సు అడిగితే ఇవ్వలేదు", "అర్థం కాలేదంటే నవ్వారు" అన్నవే. పాఠం రెండు వారాలు ముందుకెళ్ళిపోయింది, వీళ్ళ పుస్తకాలు తడిసి అట్టలు ఊడాయి. వాళ్ళ కోపాన్ని ఒక్కొక్కరిగా విడదీసి చూడాల్సిన పని లేకపోయింది.

తర్వాతి వరదకి ముందే "వరద కట్ట" తయారుచేశాం. తొమ్మిది మందికి పన్నెండేసి జెరాక్సు కాగితాలు, మీద ప్లాస్టిక్ కవరు. ఎప్పుడు పంచాలన్నదానికి గుర్తు వెతుక్కోనక్కర్లేదు: ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. రెండోది 13 లక్షలకి, మూడోది 17 లక్షలకి. రెండోదాకా ఆగితే మా లంకకి దారి ఉండదు. అందుకని మొదటి హెచ్చరిక మెసేజీ రాగానే కట్టలు సంచుల్లోకి వెళ్ళాలి. తిరిగొచ్చిన రోజున మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం లేదు, పక్కవాళ్ళు చెప్పి రాయిస్తారు. కట్టలు పంచాక వచ్చిన వారం 24.

ఖర్చు 270. మొత్తం 860.

మూడో దశ: రంగుల బోర్డు, తర్వాత వేళ్ళు (సెప్టెంబరు, అక్టోబరు)

యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళ నాలుగు రంగుల పట్టిక చాలామంది చూసే ఉంటారు. ఒంట్లో హుషారు ఎంత, మనసుకి హాయి ఎంత అని రెండు గీతలు. వాటి మధ్య ఎరుపు, నీలం, పచ్చ, పసుపు. పిల్లలు పొద్దున్నే తమ పేరు చీటీ ఒక రంగు జేబులో పెట్టాలి. చార్టులకి 60, దర్జీ దగ్గర గుడ్డ జేబులు కుట్టించడానికి 240 అయింది.

ఏం జరిగిందంటే:

మగపిల్లలు లీడర్ ఏ రంగులో పెడితే అదే రంగులో పెట్టారు. మూడో రోజుకి పసుపు జేబు చిరిగింది. ఒక అమ్మాయి నీలంలో, అంటే దిగులు జేబులో, పెట్టింది. ఇంటర్వెల్‌లో ఎనిమిది మంది చుట్టూ చేరి "ఏమైందే, ఏమైందే" అని అడిగి, సాయంత్రానికి ఆమెకి దాన్నే పేరు చేసేశారు. మర్నాటి నుంచి ఆమె హుషారు రంగైన పసుపే. పైగా ఈ తతంగానికి మొదటి పీరియడ్‌లో 14 నిమిషాలు పోతున్నాయి. పట్టికలో లోపం లేదు. నలుగురి ముందూ పెట్టమనడంతోనే అది పాడైంది.

బోర్డు తీసేసి తలుపు దగ్గర వేళ్ళ పద్ధతి పెట్టాం:

1. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వస్తారు, నేను గుమ్మంలో ఉంటాను.
2. సంచి పట్టీ దగ్గర చెయ్యి ఉంచి నాకు మాత్రమే కనపడేలా వేళ్ళు చూపిస్తారు. ఒకటి: బాగానే ఉన్నా. రెండు: కాసేపు నన్ను లేపి అడగొద్దు. మూడు: మాట్లాడాలి.
3. నేను తల ఊపుతానంతే. అక్కడ ఏమీ అడగను.
4. మూడు చూపినవాళ్ళతో ఇంటర్వెల్‌లోపు ఒక్క నిమిషమైనా మాట్లాడాలి. ఇది తప్పితే మర్నాటి నుంచి ఆ వేలు లేవదు.

38 మందికీ కలిపి మూడు నిమిషాల లోపే అవుతోంది. ఖర్చు లేదు. మూడుని సరదాకి చూపినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనూ మాట్లాడాను, రెండోసారికి సరదా తీరిపోయింది.

వేళ్ళని తేదీలవారీగా వేసుకుంటే రెండు, మూడు అంకెలు శనివారం ఎక్కువ. సోమవారం అయితే ఆశ్చర్యపోయేదాన్ని కాదు. ఒక పిల్లాడి అమ్మమ్మ గారు రేషన్ షాపు దగ్గర కనిపిస్తే అడిగాను. "శుక్రోరం రాత్రి వాళ్ళమ్మ ఫోను చేత్తాదండి టీచరుగారూ. మాట్లాడినంతసేపూ బానే ఉంటాడు. పెట్టేసాకే నిద్దరోడు. పొద్దున్నే లేపితే కసురుకుంటాడు" అన్నారు. కువైట్‌లోనూ ఒమాన్‌లోనూ వారాంతపు సెలవు శుక్రవారంతో మొదలవుతుంది. మా పిల్లల తల్లుల్లో చాలామందికి తీరికగా మాట్లాడే రాత్రి అదే.

"ఫోను తగ్గించమందామా మామ్మగారూ?" అని నేను అడగలేదు, అడగకూడదు కూడా. మార్చింది బళ్ళోనే. శనివారం మొదటి పీరియడ్‌లో ఉన్న స్లిప్ టెస్టుని గురువారానికి జరిపాం. దాని చోట లైబ్రరీ పుస్తకాలు. నిద్ర వచ్చినవాడు బల్ల మీద తల వాల్చినా ఆ పీరియడ్‌లో లేపం. సైన్సు టీచర్ ఒకరికి ఇది నచ్చలేదు, "అలవాటు చేసేస్తున్నారు" అన్నారు. శనివారాల లెక్క 6 నుంచి 3కి వచ్చాక కూడా ఆయన మాట మారలేదు. దాన్నీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఇప్పటికి: వారానికి 19. ఖర్చు 1,160 (అందులో రంగుల బోర్డు 300 దండగ).

నాలుగో దశ: జట్ల ఆట (నవంబరు నుంచి ఫిబ్రవరి)

చివరి పీరియడ్ ఇంకా వారానికి 7 దగ్గరే ఉంది. దీనికి 1969లో అమెరికాలోని కాన్సస్‌లో నాలుగో తరగతిలో పరీక్షించిన ఒక ఆట ఉంది. తరగతిని జట్లు చేస్తారు. నియమం తప్పితే జట్టుకి గీత పడుతుంది. గీతలు ఇన్నింటికి మించకపోతే ఆ జట్టు గెలిచినట్టు. అందరూ గెలవచ్చు. తర్వాత ఎన్నో దేశాల్లో దీన్ని మళ్ళీ మళ్ళీ పరీక్షించారు.

మేం గోదావరి పాయల పేర్లతో మూడు జట్లు చేశాం: గౌతమి, వశిష్ఠ, వైనతేయ. బహుమతి పెన్సిళ్ళు, 190 రూపాయలు.

మొదటి నెల అంకెలు చూడండి. చివరి పీరియడ్ 7 నుంచి 2కి పడింది. సైకిల్ స్టాండు 3 నుంచి 8కి లేచింది. మొత్తం 19 అలాగే ఉంది. క్లాసులో వాడి వల్ల గీత పడితే బడి వదిలాక జట్టంతా వాణ్ణి పట్టుకుంటోంది. ఒకే పిల్లాడికి మూడుసార్లు సైకిల్ గాలి తీసేశారు. తరగతి గదిలో మాత్రమే లెక్కపెట్టే బళ్ళో ఇది విజయమనే రాసుకుంటారు. ఇక పెన్సిళ్ళ సంగతి: గెలవని జట్టు పిల్లలు గెలిచినవాళ్ళవి లాక్కున్నారు. అదీ గొడవే, అదీ పుస్తకంలోకెక్కింది.

1969లో ఆ టీచరుకీ ఇలాంటిదే ఎదురైంది. మేం ఆడబోమని ఇద్దరు పిల్లలు మొండికేస్తే, వాళ్ళ గీతలు జట్టుకి తగలకుండా నియమం మార్చారు. మేం డిసెంబరులో చేసిన మార్పులు:

1. ఒక్కరి వల్ల జట్టుకి రోజుకి రెండు గీతల కంటే ఎక్కువ పడవు. మూడోది నుంచి అది నాకూ ఆ పిల్లాడికీ మధ్య సంగతి.
2. గీత ఎవరి వల్ల పడిందో పైకి చెప్పను.
3. జట్లు ప్రతి సోమవారం చీటీలతో మారతాయి.
4. పెన్సిళ్ళు రద్దు. గెలిచిన జట్లకి ఆఖరి పది నిమిషాలు ఖోఖో. పీఈటీ గారు గ్రౌండులో ఉంటారు. గెలవని జట్టు కూడా బయటికే వస్తుంది, చెట్టు కింద కూచుని చూస్తుంది.

డిసెంబరు చివరికి వారానికి 13.

తర్వాత సంక్రాంతి. సెలవుల్లో కోడిపందేల బరుల చుట్టూ తిరిగొచ్చిన పిల్లలకి మూడు జట్లు కనిపిస్తే ఏం చేస్తారు? పందేలు కాశారు. "వశిష్ఠ మీద పది, గౌతమి మీద ఐదు" అని రఫ్ నోట్సు వెనక రాసుకున్నారు. డబ్బు లేనివాళ్ళు చిక్కీ కాశారు. పక్కవాళ్ళ జట్టుకి గీత పడాలని కావాలని గిల్లడం మొదలైంది. ఆ వారం 21. పందెం మాత్రం చాలా పకడ్బందీగా నడిచింది. లెక్కల మేస్టారు ఆ నోట్సు చూసి, వీళ్ళకి నిష్పత్తులు రావని ఎవరన్నారని నవ్వారు.

జట్లు ఎత్తేశాం. తరగతంతా ఒకే జట్టు, ఒకే అంకె, ఖోఖో ఉంటే అందరికీ ఉంటుంది, లేకపోతే ఎవరికీ లేదు. పందెం కాయడానికి ఎదుటివాడు లేకుండాపోయాడు. ఫిబ్రవరి చివరికి 11. గోదావరి జిల్లాల్లో ఎవరైనా జట్ల ఆట పెడితే జనవరిలో మాత్రం జట్లు వద్దు.

ఇప్పటికి: వారానికి 11. ఖర్చు 1,350. ఆ తర్వాత రూపాయి పెట్టలేదు.

ఐదో దశ: గొడవ అయ్యాక

ఇది పొడుగ్గా రాయను. పిల్లల్ని గుండ్రంగా కూచోబెట్టి మాట్లాడిస్తే పెద్దమనుషుల పంచాయితీ అయిపోయింది. గొంతున్న ముగ్గురు తీర్పులు చెప్పారు, తక్కినవాళ్ళు తలలూపారు. ఇప్పుడు చేస్తున్నది ఇది: పది నిమిషాలు విడివిడిగా కూచోబెట్టి మంచినీళ్ళిస్తాం. ఇద్దరినీ వేర్వేరుగా అవే మూడు ప్రశ్నలు అడుగుతాం: ఏమైంది, ఎవరికి నష్టం, ఇప్పుడేం చేస్తే సరి. సారీ చెప్పమని బలవంతం లేదు. మూడో రోజు మళ్ళీ పిలిచి కనుక్కుంటాం.

ఒక్క మినహాయింపు. పేట పేరుతో తిట్టు అంటే కులం పేరుతో తిట్టే. దాన్ని పిల్లల మధ్య సర్దుబాటుకి వదలకూడదు, తిట్టు తిన్నవాణ్ణి తిట్టినవాడి ఎదురుగా కూచోబెట్టకూడదు. అది నేరుగా హెడ్మాస్టరు దగ్గరికి, పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్తుంది.

మార్చి, ఏప్రిల్: అంకెల గురించి

మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. పుస్తకంలో వారానికి 6 అని కనపడగానే సంబరపడకండి. బడి నడిచే గంటలే తగ్గాయి. పది గంటల బడికి ఎన్ని గొడవలు అని లెక్కవేస్తే:

జులైలో వారానికి 31, 42 గంటల బడి: పది గంటలకి 7.4
ఫిబ్రవరి చివర 11, 42 గంటలు: 2.6
మార్చిలో 6, 28.5 గంటలు: 2.1

అంటే ఫిబ్రవరికీ మార్చికీ తేడా దాదాపు లేదు. పైగా ఒంటిపూటలో అన్నం తిని నేరుగా ఇంటికే, మధ్యాహ్నం పీరియడ్లే లేవు. మార్చి అంకెని నేను ఎక్కడా చూపించడం లేదు.

ఇంకొకటి. పుస్తకంలో పడినవాటిలో ఆడపిల్లలవి చాలా తక్కువ. కటీఫ్ చెప్పి నెల్లాళ్ళు పలకకపోవడం, భోజనం దగ్గర చోటివ్వకపోవడం మా మూడు నిర్వచనాల్లో దేనిలోకీ రావు. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం అందరికీ చీటీ ఇచ్చాం: ఈ వారం ఎవరి పక్కన కూచుని తిన్నావు? రెండు పేర్లు రాయాలి. మడిచి డబ్బాలో వెయ్యాలి. 38 చీటీలు విప్పితే నలుగురమ్మాయిల పేర్లు ఒక్కదాన్లోనూ లేవు. ఆ నలుగురిలో ముగ్గురు ఏడాది పొడుగునా తలుపు దగ్గర ఒక వేలే చూపించారు.

జూన్‌లో మారేవి:

1. శుక్రవారం చీటీ మొదటి వారం నుంచే, నెలకోసారి. ఫలితం టీచర్లు తప్ప ఎవరూ చూడరు.
2. భోజనం దగ్గర చోట్లు పదిహేను రోజులకోసారి చీటీలతో. అన్ని రోజులూ కాదు, వారంలో రెండు రోజులే. మిగతా రోజులు వాళ్ళిష్టం.
3. ఒక వేలు చూపినవాళ్ళలో కూడా రోజుకి ఇద్దరితో మాట్లాడటం, వరస ప్రకారం.
4. వరద కట్టలు జూన్‌లోనే జెరాక్సు తీయించి బీరువాలో పెట్టడం.
5. కుళాయిలు తెరిచి చూడటం. బడి జూన్ 12న మొదలవుతుంది, ప్లంబర్‌కి పదో తారీకుకే కబురు పెట్టాలి.